తొందరపడితే పంచదారే దిక్కు

కస్టర్డ్ చేద్దామనుకుంటున్నావా నాన్నా? చెయ్యి, మంచి ఆలోచనే. అందులోనూ పంచదార తగ్గించి, కమలా తొక్క వాసన, నిమ్మగడ్డి వాసన పట్టించి చేద్దామనుకున్నావు చూడు, అది ఇంకా మంచి ఆలోచన. కానీ ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని "ఎంతసేపు, పది నిమిషాల్లో అయిపోతుంది" అంటావే, అక్కడే నాకు భయం. పది నిమిషాల్లో అయ్యే కస్టర్డ్ లేకపోలేదు. దానికి అరకప్పు పంచదార పడుతుంది. పంచదార తగ్గాలంటే మాత్రం కాస్త వ్యవధి కావాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. తొందర ఉన్నచోట పంచదార ఎక్కువ పడుతుంది, ఓపిక ఉన్నచోట తక్కువ సరిపోతుంది. మళ్లీ మళ్లీ ఇదే చెబుతాను, విసుక్కోకు.

ముందు ఆ అరకప్పు సంగతి చూద్దాం. అరకప్పు పంచదార అంటే సుమారు 100 గ్రాములు. అర లీటరు పాలతో చేసిన కస్టర్డ్ నలుగురికి వస్తుంది. అంటే తలకి 25 గ్రాములు. పైనుంచి కలుపుకునే పంచదార, బెల్లం, తేనె, పళ్లరసాల్లోని తీపి అన్నీ కలిపి రోజు మొత్తం మీద తినే కేలరీల్లో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అందులోనూ సగానికి, అంటే దాదాపు 25 గ్రాములకి తగ్గిస్తే ఇంకా మేలంది. చూశావా మరి? పొద్దున కాఫీలో వేసుకున్నది, సాయంత్రం టీలో వేసుకున్నది, బిస్కెట్‌లో ఉన్నది లెక్కలోకి రాకముందే ఒక్క గిన్నె కస్టర్డ్ రోజు కోటా అంతా తినేసింది. తెలిసి చేసింది కాదని నాకూ తెలుసు. కస్టర్డ్ పొడి ప్యాకెట్ మీద చూసి కొంత వేశావు, రుచి చూసి "ఏదో తక్కువైంది" అని ఇంకో రెండు చెంచాలు వేశావు. తక్కువైంది తీపి కాదు నాన్నా, వాసన. వాసన లేని పాలకి తీపి ఎంత పోసినా చాలదు.

ఆ వాసన ఎక్కడుందో చెబుతాను విను. రసంలో కంటే తొక్కలో ఎక్కువుంది. దీపావళి రోజుల్లో పిల్లలు కమలా తొక్కని కొవ్వొత్తి మంట దగ్గర పెట్టి మడత పెడితే చిటపటమని నిప్పురవ్వలు లేస్తాయి, చూసే ఉంటావు. తొక్క పైపొరలో సూదిమొనంత సంచుల్లో నూనె దాగి ఉంటుంది. మడత పెట్టగానే ఆ సంచులు పగిలి నూనె చిమ్ముతుంది, అదే మంటలో వెలుగుతుంది. పక్కవాడి కళ్లలోకి పిండి ఏడిపించేదీ ఆ నూనెనే. కమలా వాసన అంటే ముక్కాలు మువ్వీసం ఆ నూనె వాసనే. అది నీళ్లలో కలవదు, కొవ్వులో కలుస్తుంది. పాలలో వెన్న ఉంది కాబట్టి పాలు ఆ వాసనని పట్టుకుంటాయి. మనం తొక్క చెత్తబుట్టలో పడేసి, రసం పిండి, అది చాలక పంచదార వేస్తున్నాం. ఉన్నదాన్ని పారేసి లేనిదాన్ని కొనుక్కోవడం ఏం పద్ధతి, చెప్పు?

అందుకే పళ్లు తేగానే గోరువెచ్చని నీళ్లలో వేసి, తొక్క చేత్తో బాగా రుద్ది కడుగు, పొడిబట్టతో తుడువు. మార్కెట్‌లో మెరుస్తున్న పండు మీద మైనం పూత ఉండొచ్చు, మందుల జాడలు కూడా ఉండొచ్చు. నువ్వు తొక్కే వాడబోతున్నావు కాబట్టి ఈ పని మాత్రం ఎగ్గొట్టకు. నిమ్మకాయ, బత్తాయి అయితే తొక్క గట్టిగా ఉంటుంది, సన్న కోరు మీద పైపైన తురుము. రంగు పోయి తెలుపు కనపడగానే ఆపి కాయని పక్కకి తిప్పు. ఆ తెల్లపొర చేదు. అది పాలలో పడిందా, చేదుని కప్పడానికి మళ్లీ పంచదార డబ్బా దగ్గరికే వెళ్తావు. కమలాకి తొక్క వదులుగా ఉంటుంది, కోరు మీద నిలవదు. దాన్ని ఒలిచి, లోపలి తెలుపుని చెంచా అంచుతో గీకేసి, పెద్ద ముక్కలుగానే పాలలో వెయ్యి. తరవాత ఏరి పారెయ్యడానికీ వీలుగా ఉంటుంది. చలికాలంలో నాగపూర్ కమలాలు వస్తాయి, అవి దొరికినప్పుడు అవి. మిగతా రోజుల్లో నల్గొండ వైపు బత్తాయి, దానితో పాటు ఒక నిమ్మకాయ. ఏ కాలానికి ఏది దొరికితే దాంతో చేసుకోవడమూ ఒక నిగ్రహమే.

ఇక నిమ్మగడ్డి. పెరట్లోనో బాల్కనీ కుండీలోనో ఒక పిలక పెడితే ఏడాదంతా కోసుకోవచ్చు. ఆకు అంచు పదునుగా ఉంటుంది, వేలు కోసుకుంటావు, కత్తెరతో కత్తిరించు. ఒక నాలుగాకులు, కింద తెల్లటి కాడ ఉంటే అది కూడా, కడిగి రోకలితో ఒక్క దెబ్బ వేసి మెత్తబరిచి, ఆకులన్నీ కలిపి ముడి వెయ్యి. ముడి వేస్తే పాలలో చెదరదు, తీసెయ్యడం తేలిక. నిమ్మతొక్కలో ఉండే వాసన పదార్థమే ఇందులోనూ ఉంది, అందుకే ఈ రెంటికీ అంత పొత్తు. నిమ్మగడ్డి లేకపోతే పది పుదీనా ఆకులు, లేదా నాలుగైదు తులసి దళాలు వాడుకోవచ్చు. పుదీనా, తులసి మాత్రం పొయ్యి ఆపాకే వెయ్యి, ఉడికితే కషాయం వాసన వస్తుంది. తులసికోటలో మొక్కని మాత్రం వేళాపాళా లేకుండా తుంచకు. మీ బామ్మ చీకటిపడ్డాక తులసి ముట్టుకోనివ్వదు కదా, ఆ మాట మన్నించు. వంటకి వేరే కుండీలో ఇంకో మొక్క పెంచుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇప్పుడు పాలు. అర లీటరు టోన్డ్ పాలు చాలు, అందులో 3 శాతం వెన్న ఉంటుంది, వాసన పట్టుకోవడానికి అది సరిపోతుంది. ముందే అందులోంచి అరకప్పు చల్లటి పాలు తీసి పక్కన పెట్టు, ఎందుకో తరవాత చెబుతాను. మిగతా పాలలో తొక్కా, నిమ్మగడ్డి ముడీ వేసి సన్నసెగ మీద పెట్టు. అంచుల్లో చిన్న బుడగలు రాగానే, పొంగు రాకముందే దించు. మూత పెట్టు. ఇక వదిలెయ్యి. ఇరవై నిమిషాలు దాని జోలికి పోకు.

ఈ ఇరవై నిమిషాలే నీకు గండం, నాకు తెలుసు. మూత తీసి చూస్తావు, కలుపుతావు, "వాసన రాలేదే" అని మళ్లీ మరిగిస్తావు. మరిగిస్తే వాసన ఆవిరితో పాటు వంటింట్లోకి పోతుంది, తొక్కలో ఉన్న చేదు పాలలోకి దిగుతుంది. ఆవకాయ కలిపి జాడీకెత్తి మూడో రోజు తిరగకలిపేదాకా ఎవరమైనా మూత తీస్తామా? ఇదీ అంతే, ఊరాలి. ఆ ఇరవై నిమిషాల్లో ఆఫీసు మెయిలు చూసుకోవద్దులే, మీ అమ్మ దగ్గర కాసేపు కూచో. మోకాలి నొప్పి ఎలా ఉందో అడుగు. పాల పని పాలు చేసుకుంటాయి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. వేడి పాలలో నిమ్మరసం గానీ కమలారసం గానీ పొయ్యకు. పన్నీరు చెయ్యాలంటే మనం చేసేది అదే కదా. పులుపు తగలగానే పాలలోని మాంసకృత్తులు ముద్దకట్టి నీళ్లు విడిపోతాయి. పచ్చి అల్లం వేసినా పాలు విరుగుతాయి, అది వేరే కారణం. కాబట్టి పాలకి తొక్క ఇచ్చి, రసాన్ని తొనల్లోనే ఉంచు. ఇది నా సొంత తెలివి కాదు. స్పెయిన్‌లో కాటలోనియా వాళ్లు క్రేమా కాటలానా అని ఒక కస్టర్డ్ చేస్తారు. వాళ్లూ పాలలో నిమ్మతొక్క, దాల్చినచెక్క వేసి కాచి, తీసేసి, ఆ పాలలో గుడ్డు పచ్చసొనలు కలిపి చిక్కబరుస్తారు. మార్చి 19న సెయింట్ జోసెఫ్ పండగకి అది ఉండాల్సిందే. పైన పంచదార చల్లి మాడ్చి పెంకు కట్టిస్తారు, అది వాళ్ల ముచ్చట. మనకి ఆ పెంకు వద్దు, తొక్కని పాలలో కాచే నేర్పు మాత్రం తెచ్చుకుందాం.

ఇరవై నిమిషాలయ్యాక పాలు వడకట్టు. ఇందాక తీసిపెట్టిన చల్లటి పాలున్నాయే, అందులో రెండున్నర పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ వేసి ఉండ లేకుండా కలుపు. కస్టర్డ్ పొడి వాడినా ఫరవాలేదు, అదీ కార్న్‌ఫ్లోరే. పైన రంగూ వెనీలా వాసనా ఉంటాయి, అంతే. ఆ వెనీలా మన కమలా వాసనని తొక్కేస్తుంది, అందుకే ఉత్త కార్న్‌ఫ్లోర్ అంటున్నాను. పిండిని వేడిపాలలో నేరుగా వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. చల్లటి పాలు ముందే తీసిపెట్టమన్నది ఇందుకే. ఇప్పుడు వాసన పట్టిన పాలు మళ్లీ సన్నసెగ మీద పెట్టి, పిండి కలిపిన పాలు సన్నధారగా పోస్తూ, గరిటె గిన్నె అడుగుని తాకేలా తిప్పుతూ ఉండు. ఫోను పక్కగదిలో పెట్టు. నువ్వు తల తిప్పిన ఆ అరనిమిషంలోనే అడుగంటుతుంది, మాడు వాసనని ఏ కమలా కప్పలేదు.

చిక్కబడగానే దించెయ్యకు, అదీ తొందరే. బుడగలు ఫట్ ఫట్ మని లేచాక ఇంకో నిమిషమైనా ఉడికించు, అప్పుడే పిండి పచ్చివాసన పోతుంది. గరిటె పైకెత్తి, దాని వెనకవైపు వేలితో అడ్డంగా ఒక గీత గియ్యి. గీతకి రెండు పక్కలా కస్టర్డ్ జారి కలిసిపోతే ఇంకా కావాలి. గీత గీతలాగే నిలబడితే దించు. చూడ్డానికి పల్చగా ఉందనిపిస్తుంది, కంగారుపడి ఇంకో చెంచా పిండి వెయ్యకు. ఆరుతున్నకొద్దీ గట్టిపడుతుంది. మనకి చెంచాకి మెత్తగా తగిలేది కావాలి, కత్తితో కోసేది అక్కర్లేదు.

గుడ్డు తినే ఇంట్లో అయితే పిండి బదులు నాలుగు పచ్చసొనలతో చేసుకోవచ్చు, రుచి నిండుగా ఉంటుంది. దానికి ఇంకా ఓపిక కావాలి. పచ్చసొన కస్టర్డ్ 80 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది, ఇంకో నాలుగైదు డిగ్రీలు దాటిందా, అట్టులా విరిగి పలుకులు తేలుతుంది. పిండి కస్టర్డ్ ఉడకాలి, గుడ్డు కస్టర్డ్ ఉడక్కూడదు, ఇది గుర్తుపెట్టుకో. చెయ్యి తిరిగేదాకా పిండితోనే చెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి, పంచదార. అర లీటరు పాలకి ఐదు చిన్న చెంచాలు, తలగొట్టి కొలిచినవి. సుమారు 20 గ్రాములు. తలకి ఐదు. పాలకి సహజంగా ఉన్న తీపి ఎలాగూ ఉంది. దాంతో పాటు చిటికెలో సగం ఉప్పు, అది తీపిని పైకి తెస్తుంది. వేడిమీద రుచి చూస్తే బాగానే ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి తింటే మాత్రం చప్పగా అనిపిస్తుంది. నాలిక చల్లదనంలో తీపిని సరిగా పట్టుకోలేదు. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ ఎప్పుడైనా తాగి చూశావా? గడ్డగా ఉన్నప్పుడు లేని తీపి కరిగాక వెగటు పుట్టిస్తుంది. అందుకని చప్పగా ఉందని పైన పంచదార చల్లకు. తినే పది నిమిషాల ముందు బయట పెట్టు, చల్లదనం కాస్త విరగనివ్వు. తీపీ తేలుతుంది, కమలా వాసనా తేలుతుంది. చూశావా, ఇక్కడ కూడా పది నిమిషాలు ఆగితే రెండు చెంచాల పంచదార మిగిలింది.

"పంచదార ఎందుకు, బెల్లం వేస్తే సరి, తేనె వేస్తే సరి" అంటావేమో. బెల్లం రుచి వేరు, దాని గొప్ప దానిదే, జున్నుకి బెల్లమే వెయ్యాలి. కానీ ఒంట్లోకి వెళ్లాక బెల్లమైనా తేనెయైనా చేసేది చక్కెర పనే. ఇష్టమై వేసుకో, ఆరోగ్యమని గుప్పిట నిండా వేసుకోకు. చక్కెర బదులు వాడే తీపిబిళ్లలు, తీపిపొడులు కూడా బరువు తగ్గించుకోవడానికి ఆధారం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. షుగర్ జబ్బు ముందే ఉన్నవాళ్ల సంగతి అందులో చేర్చలేదు, వాళ్లు డాక్టరుని అడిగి నడుచుకోవాలి. మిగతావాళ్లకి నా మాట ఒకటే. నాలికకి అంత తీపి అలవాటు చేసింది మనమే, మెల్లిగా మాన్పించాల్సిందీ మనమే. మొదటిసారి ఏడు చెంచాలు వెయ్యి, పదిహేను రోజులాగి ఆరు, ఆ తరవాత ఐదు. ఎవరికీ చెప్పకు. ఒక్కసారిగా సగానికి తగ్గించి "ఇవాళ్టినుంచి ఇంట్లో తీపి బంద్" అని దండోరా వేస్తే పిల్లలు నీ కస్టర్డ్ వదిలేసి సందు చివర బేకరీకి పోతారు.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది మనసులో పెట్టుకో. ఇంట్లో నాన్నగారికి షుగర్ ఉందనుకో. ఉండే ఉంటుందిలే, ఏ ఇంట్లో లేదు? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. నువ్వు ప్రేమతోనే ఆయనకి వేరే చిన్న గిన్నెలో చప్పటి కస్టర్డ్ చేసి, "ఇది మీది నాన్నా" అని విడిగా పెడతావు. అందరూ పసుప్పచ్చగా నిగనిగలాడేది తింటుంటే, ఆయన గోడవైపు తిరిగి ఆ గిన్నె ఖాళీ చేస్తారు. రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తెరిచి మీ గిన్నెలోంచి నాలుగు చెంచాలు తింటారు. తప్పు ఎవరిది? ఒకే గిన్నెలో చెయ్యి, అందరికీ అదే పెట్టు. ఆయనకి తగ్గినంత మీకూ తగ్గితే మీకే మంచిది. కాకపోతే పంచదార తగ్గింది కదా అని ఆయనకి రెండు గిన్నెలు మాత్రం పెట్టకు, పిండి కూడా ఒంట్లో చక్కెరే అవుతుంది. చిన్న కప్పు, భోజనానికి లెక్క వేసుకుని, ఆయన డాక్టరు చెప్పిన హద్దులో.

అసలు ఈ కస్టర్డ్ పొడి పుట్టిందే ఇంట్లో మనిషి కోసం. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అని మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకి గుడ్డు పడేది కాదు. కస్టర్డ్ అంటేనే గుడ్డు అనుకునే ఊళ్లో, ఆమె కూడా అందరిలాగే తినాలని 1837లో కార్న్‌ఫ్లోర్‌తో గుడ్డు లేని కస్టర్డ్ తయారుచేశాడు. ఆవిడకి గుడ్డు పడలేదు, మీ నాన్నగారికి పంచదార పడదు. ఒక్కరి ఒంటికి సరిపడేట్టు ఇంటిల్లిపాదికీ వండడమే ఈ వంటకంతో పాటు వచ్చిన సంప్రదాయం. దాన్ని నువ్వు కొనసాగిస్తున్నావు, అంతే.

చివరగా వడ్డన. కస్టర్డ్ ఆరేటప్పుడు మధ్యమధ్య కలిపితే పైన తెట్టు కట్టదు. ఆరాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, ఒక రాత్రి ఉంటే వాసన ఇంకా కుదురుతుంది. రెండు రోజులకి మించి ఉంచకు. కమలా తొనలు పైపొర, గింజలు తీసి, తినబోయే ముందు మాత్రమే పైన రెండేసి పెట్టు. ముందే కలిపి ఉంచితే నీళ్లు వదిలి కస్టర్డ్ పలచబడుతుంది. పెళ్లి విందుల్లో ఫ్రూట్ సలాడ్ గంట తరవాత నీళ్లోడుతుంది చూడు, అదే కారణం. పచ్చి అనాసముక్కలు అసలే వద్దు, పాలతో కలిసి చేదెక్కుతాయి. చుట్టాలొచ్చారని కప్పు పెద్దది చెయ్యకు. చిన్న కప్పులో పెట్టి, ఇంకొంచెం కావాలంటే మారు వడ్డించు. అడిగి పెట్టించుకున్న ముద్ద తృప్తినిస్తుంది, మొహమాటంతో మింగిన ముద్ద అరగదు.

మంచి మనసుతోనే చేస్తున్నావు, నాకు తెలుసు. ఆ మనసుకి కాస్త నిదానం తోడైతే చాలు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనంలోకి పెట్టాలంటే, శనివారం సాయంత్రమే తొక్క కడిగి, పాలు కాచి, పొద్దుపోకముందే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. ఆదివారం పన్నెండు గంటలకి మొదలుపెట్టావా, పాలలో వాసన ఉండదు, కస్టర్డ్‌లో చల్లదనం ఉండదు, నీ చెయ్యి మళ్లీ పంచదార డబ్బా మీదికే పోతుంది.